అక్క ఓట్ల లెక్కకు ఆళ్ళగడ్డ ప్రయాణం

ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం మా అక్క కరుణమ్మ పంచాయతీ వార్డు మెంబరుగా నిలబడింది. ఓట్లు లెక్కపెట్టే చోట తన తరఫున కూర్చోవడానికి ఊళ్ళో ఒక్కరూ ముందుకు రాలేదు. నంద్యాల ఆసుపత్రికి వచ్చిన ఒకామెతో కబురు పంపింది: "సరోజను రమ్మను. కండ్లు బాగా తెరుచుకోని రమ్మను."

నేనప్పుడు నంద్యాలలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పేదాన్ని. మూడు రోజులు సెలవు పెట్టాను.

అక్క వాళ్ళ ఊరు ఆళ్ళగడ్డ దాటాక దొర్నిపాడు పోయే దారికి కొంచెం లోపలికి ఉంటుంది. ఊరి చివర మా క్రైస్తవుల పాలెం. పాలెంలో తాగే నీళ్ళు లేవు. ఆడవాళ్ళు పెద్దింటి ఆసామి తోటలో మోటారు ఆడినప్పుడు బిందెలు పట్టుకుని పరుగెత్తాలి. మోటారు ఎప్పుడు ఆడుతుందో ఆసామి ఇష్టం. పాలెంలో చేతిపంపు వేయిస్తానని అక్క నిలబడింది. ఆసామి తన ట్రాక్టరు డ్రైవరు ఏసోబును పోటీకి పెట్టాడు. ఏసోబుదీ అదే పాలెం, అక్క వాళ్ళ చర్చే. అసలు చిక్కు ఇంకొకటి. మా బావ దేవదానం కౌలుకు చేసేది ఆ ఆసామి చేనే.

ఆళ్ళగడ్డకు నంద్యాల నుంచి బస్సులకు కొదవ లేదు. ఎండాకాలంలో పోయేవాళ్ళు ఏడు గంటలకు ముందే ఎక్కడం మేలు. ఎడమ పక్క కూర్చుంటే నల్లమల కొండలు దారి పొడవునా తోడు వస్తాయి, కాకపోతే పొద్దుటి ఎండంతా ముఖం మీదే. నాకు ఎడమ పక్కే దొరికింది. పక్క సీట్లో నామాలు పెట్టుకున్న ఒక ముసలాయన కూర్చున్నాడు.

"యాడికి పోతాండావమ్మా?" అన్నాడు బస్సు కదలకముందే.

ఎన్నికకు ఒక్కరోజే ఉంది. ఈయనకెందుకు నేనెక్కడికి పోతే? ఆసామికి నంద్యాలలో చుట్టాలున్నారని విన్నాను. నోటికొచ్చిన పేరు చెప్పేశాను, "అహోబిలానికి" అని.

ముసలాయన ముఖం విప్పారింది. "నేనూ ఆడికే. స్వామి వంటశాలలో పని నాది. ఒక్కదానివే వచ్చినావు, నేను దగ్గరుండి దర్శనం చేపిస్తాలే."

నా సంచిలో చీరల మధ్య బైబిలుంది. సంచి కాళ్ళ కిందికి నెట్టుకున్నాను. శిరివెళ్ళ దాటకముందే ఆయన మా గోత్రం అడిగాడు. నేను కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు తల కిటికీకి ఆనించాను. ఆ కిటికీ గడగడలాడుతుంటే నిద్ర నటించడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది.

ఆళ్ళగడ్డ చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. బస్టాండు బయట కొట్టులో బొరుగుల ఉగ్గాని, బజ్జీలు వేడిగా దొరుకుతాయి, తినకుండా ముందుకు పోవద్దు. నేను నిలబడే తింటుంటే ముసలాయన వచ్చి, "అమ్మా, మన బస్సు వచ్చింది. నీకూ సీటు పట్టినా, తువాల ఏసినా" అన్నాడు. నీళ్ళు తాగి వస్తానని చెప్పి కొట్టు వెనక నుంచి తిరిగి దొర్నిపాడు బస్సెక్కాను. బస్సు మలుపు తిరుగుతుంటే చూశాను. ఆయన అహోబిలం బస్సు మెట్టు దగ్గరే నిలబడి కొట్టు వైపు చూస్తున్నాడు. ఆసామి మనిషే అనుకున్నాను. కీడు తలపెట్టినవాడు నా కోసం అంతసేపు ఎండలో నిలబడతాడా అన్న ఆలోచన చాలా రోజులకు గాని రాలేదు.

అక్క వాళ్ళ ఊరి క్రాసు దగ్గర దిగాను. అక్కడి నుంచి నడక. ఆ నెలలో నల్లరేగడి చేలు కాలు పట్టేంత నెర్రెలిచ్చి ఉంటాయి. తల దాచుకోవడానికి తుమ్మచెట్టు కూడా కనబడదు. సగం దూరం పోయేసరికి వెనక నుంచి ట్రాక్టరు వచ్చి నా పక్కన ఆగింది. డ్రైవరు నాకన్నా కొంచెం పెద్దవాడు, నెత్తికి తువాలు చుట్టుకున్నాడు.

"కరుణక్క చెల్లెలివి గదా. ఎక్కు."

"మీరెవరు?"

"ఏసోబును."

నేను కదల్లేదు. అతను ఇంజను ఆపకుండానే అన్నాడు, "ఎన్నిక రేపమ్మా. ఎండ ఈపొద్దు."

ఎక్కాను గాని ట్రాలీలో కడ్డీ పట్టుకుని వెనక చివరే నిలబడ్డాను, అవసరమైతే దూకడానికి వీలుగా. ట్రాక్టరు పాలెం దారి పట్టకుండా ఊళ్ళోకి తిరిగింది. సంచి చంకకు బిగించుకున్నాను. ఒక పెద్ద గేటు ముందు ఆపి, "డీజిలు డబ్బా దించేసి వస్తా, ఒక నిమిషం" అని లోపలికి పోయాడు.

అది ఆసామి ఇల్లు. గేటు తెరిచే ఉంది. బేతంచెర్ల బండలు పరిచిన వసారాలో ఆసామి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన ముందు, అరుగు అంచున, స్టీలు గ్లాసు పట్టుకుని మా బావ. తలెత్తి నన్ను చూశాడు. చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఏసోబు వచ్చి బండి నడిపాడు. నన్ను పాలెం మొదట్లో దించి వెళ్ళిపోయాడు. బావను నాకు చూపించడానికే అటు తిప్పాడా, నిజంగా డబ్బా దించడానికేనా, ఇప్పటికీ చెప్పలేను.

అక్క ఇంటి ముందు చెనిక్కాయలు వొలుస్తోంది. నేను ఎలా వచ్చానో విని, "ఏసోబు బండెక్కినావా? మంచిదే, కాళ్ళు మిగిలినాయి" అంది.

"బావ యాడ?"

"ఆళ్ళగడ్డకు పోయినాడు. ఇత్తనాల కోసరం."

నేను చూసింది నోటి దాకా వచ్చి ఆగిపోయింది. అక్క ముఖం నిండా ఆశ ఉంది. చెబితే రేపు ఎవరి ముఖం చూసి ఓటడుగుతుంది?

సాయంత్రం బావ వచ్చాడు, వట్టి చేతులతో. "ఇత్తనాలు దొరకల్యా" అన్నాడు అక్కతో. నాతో, "ఎప్పుడొచ్చినావు సరోజా?" అన్నాడు, పొద్దున నన్ను చూడనట్టే. జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి, ఉల్లిగడ్డ పెట్టింది అక్క. ఆకలితో వచ్చినదాన్ని, అయినా సగం రొట్టె కంచంలోనే వదిలేశాను. బావ మాత్రం నెమ్మదిగా, ఎప్పటిలాగే తిన్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ అతను తక్కువ మాట్లాడే మనిషి. అంతకుముందు అది మంచితనం అనుకునేదాన్ని.

భోజనమయ్యాక అక్క ఇండ్ల పేర్లు చెప్పి వేళ్ళ మీద లెక్క వేసింది. "మీ బావ అన్నదమ్ముల ఇండ్లే తెల్దు. పెద్దింటి పనికి పొయ్యేటోళ్ళు. వాళ్ళు అటు పోతే మనం ఓడినట్టే" అంది. ఆ మాటకు బావ లేచి గొడ్లకు మేత వేయడానికి వెళ్ళిపోయాడు.

మరునాడు పొద్దున బడిలో పోలింగు. మధ్యాహ్నానికి ముగిసింది. ఇద్దరు పోలీసులు తలుపు దగ్గర కూర్చున్నారు. ఓట్లు లెక్కించే అధికారి ఎక్కడి నుంచో వచ్చిన బడిపంతులు, సన్నగా, కళ్ళద్దాలతో. పన్నెండున్నర ప్రాంతంలో ఆసామి ఇంటి నుంచి ఆయనకు భోజనం క్యారియరు వచ్చింది. ఆయన దాన్ని పోలీసుల వైపు తోసి, తన సంచిలోంచి రెండు అరటిపండ్లు తీసి తిన్నాడు. అది కూడా నాకు నటనలాగే కనిపించింది.

రెండు గంటలకు లెక్క మొదలైంది. పెట్టె సీలు దగ్గరికి పోయి చూశాను. "తాకి చూడమ్మా, పర్వాలేదు" అన్నాడు పంతులు. తాకి చూశాను. లక్క గట్టిగానే ఉంది. మా వార్డు వంతు అయ్యేదాకా ఆయన వేళ్ళ మీద నుంచి చూపు తిప్పలేదు. టైపు నేర్పేదాన్ని, ఏ వేలు ఎటు పోతుందో కనిపెట్టడం నాకు అలవాటే.

అక్క గుర్తు నిచ్చెన. ఏసోబు గుర్తు తక్కెడ. పంతులు ఒక్కొక్క కాగితం విప్పి, అందరికీ చూపి, రెండు కట్టలుగా పెడుతున్నాడు. మొదట్లో తక్కెడ కట్టే ఎత్తుగా పెరిగింది. నా ఎదురుగా ఏసోబు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక కాగితంలో ముద్ర రెండు గుర్తుల నడిమి గీత మీద పడింది. "ఇది చెల్లదు. ఇద్దరూ ఒప్పుకుంటారా?" అన్నాడు పంతులు. ఇద్దరం తలూపాం. ఆ తరువాత నిచ్చెన మీద నిచ్చెన వచ్చింది. నాకు సంతోషం కలగలేదు. ఇదేదో ఎర అనిపించింది, చివర్లో ఏదో జరుగుతుందని.

ఏమీ జరగలేదు. అక్క పదకొండు ఓట్లతో గెలిచింది.

ఏసోబు మళ్ళీ లెక్కపెట్టమన్నాడు. ఇదీ వీళ్ళ ఎత్తు అనుకున్నాను. పంతులు విసుక్కోకుండా మళ్ళీ లెక్కపెట్టాడు. అదే పదకొండు. ఏసోబు లేచి నెత్తిన తువాలు తీసి దులిపి, బయట వేపచెట్టు కింద నిలబడిన అక్క దగ్గరికి పోయాడు. నేను వెంటపడ్డాను.

"గెల్చినావక్కా" అన్నాడు. "ఆ పంపు బేగా ఏపించు. మా ఇంట్లోదీ బిందె పట్టుకోని ఆ తోటకే పోతాది."

అక్క తలూపింది.

ఆ సాయంత్రం పాలెం ఆడవాళ్ళు ఇంటి ముందు గుమిగూడారు. ఒకామె బెల్లం పంచింది, ఇంకొకామె ప్రార్థన చేసింది. నేను మాత్రం లెక్కలోనే ఉన్నాను. బావ అన్నదమ్ముల ఇండ్లు అటు పోతే అక్క వేళ్ళ మీద తేలింది ఓటమి, పెట్టెలో తేలింది గెలుపు. ఆ ఓట్లు ఎక్కడివి? బావ గుంపు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎవరో బెల్లం ఇస్తే తీసుకుని గొడ్డుకు పెట్టాడు.

మరునాడు పొద్దున బయలుదేరుతుంటే అక్క నాకు దారిలోకి రొట్టెలు చుట్టింది. ఇక ఆపుకోలేక అడిగాను, "అక్కా, బావ నీకే ఏసినాడంటావా?"

అక్క మూట ముడి బిగించింది. తరువాత అంది, "నేను అడగను. అడిగితే ఆయప్ప నిజం చెప్తాడు."

బావ నన్ను సైకిలు మీద క్రాసు దాకా దింపడానికి వచ్చాడు. క్రాసులో దిగాక సైకిలు పట్టుకుని నాతో పాటు బస్సు కోసం నిలబడ్డాడు.

"ఆ పొద్దు నన్ను చూసినావు" అన్నాడు.

"చూసినా."

"అక్కకు చెప్పల్యా నువ్వు."

"చెప్పల్యా."

దూరంగా దుమ్ము లేస్తే బస్సేమో అని చూశాం. ఎడ్లబండి. బావ హ్యాండిలు మీద చేతులు సర్దుకున్నాడు.

"నా ఓటు ఏసోబుకే ఏసినా సరోజా. ఆసామి అడిగినాడు. పోయినేడు వాన లేక కౌలు కట్టలేకపోతే ఆయన నోరెత్తల్యా. సరే అని మాటిచ్చినా. మాటిచ్చినాక ఇంక తప్పుతాదా?"

నాకు కోపం వచ్చింది. నేననుకున్నదే నిజమైనందుకు వచ్చిన కోపం. "మరి అక్క?" అన్నాను.

"ఆయన అడిగింది నా ఓటు. మా అన్నదమ్ముల ఇండ్ల సంగతి ఆయన అడగల్యా, నేను చెప్పల్యా. వాళ్ళు నేను పెద్దింటి పక్కే అనుకోని అటే ఏసేటోళ్ళు. నేనే ఇంటింటికీ పోయి చెప్పినా, నాకోసరం చూడాకండి, కరుణకు ఏయండి అని."

నేను అతని ముఖం చూశాను. గొప్ప పని చేశానన్న జాడ లేదు. తప్పు చేశానన్న జాడ కూడా లేదు. అలసిపోయి ఉన్నాడు, అంతే.

"ఆసామికి తెలిస్తే?"

"తెలిసే ఉంటాది. ఊరు గదా."

"చేను?"

"ఈ ఏడు ఇస్తాడో ఇయ్యడో. ఇయ్యకపోతే బేతంచెర్లకు బండల పనికి పోవల్ల."

"ఇదంతా అక్కకు చెప్తావా బావా?"

"అడిగితే చెప్తా. ఆమె అడగల్యా."

బస్సు వచ్చింది. నా సంచి అందించి, బస్సు కదిలేదాకా నిలబడి, సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆళ్ళగడ్డలో నంద్యాల బస్సుకు మారాను. ఈసారి కొండలు కుడి పక్కకు వచ్చాయి. పక్కన పచ్చిమిర్చి గంపతో ఒక నడివయసు ఆమె కూర్చుంది. ఊళ్ళన్నిటా అవే మాటలు కాబట్టి నన్నూ అడిగింది, మీ వాళ్ళెవరైనా నిలబడినారా అని. మా అక్క గెలిచిందని చెప్పాను. ఆమెకు ముచ్చటేసింది.

"మొగుడు ఏసినాడా పెండ్లానికి?"

"పెట్టెలో పడినాక ఎవరిది ఎవరికి తెలుస్తాదమ్మా" అన్నాను.

"మా ఆయప్పైతే ఎయ్యడు" అని నవ్వి, గంప కాళ్ళ మధ్యకు లాక్కుని కునుకు తీసింది.

శిరివెళ్ళ దగ్గర రొట్టెల మూట విప్పాను. రెండు రోజుల తరువాత ఆకలి తెలిసింది. ఆ ప్రయాణంలో కనిపించిన వాళ్ళనందరినీ అనుమానించాను, ముసలాయనను, ఏసోబును, పంతులును, లక్క సీలును కూడా. ఒక్క బావ విషయంలోనే నా అనుమానం నిజమైంది. అప్పటి నుంచి మా ఇంట్లో ఏ పెద్ద నిర్ణయం తీసుకోవలసి వచ్చినా నేను మొదట పోయి అడిగేది ఆ బావనే.