పన్నెండు మందికి పెట్టిన ఫిల్టరు

"మనుషుల లెక్క పక్కన పెట్టప్పా. నీ బోరు లెక్క చెప్పు," అన్నాడు తిమ్మన్న, కల్లూరులోని తన చిన్న అంగట్లో పైపుకు మర తీస్తూ.

భూపేష్‌కు అర్థం కాలేదు. కొత్తింటికి, ఇల్లంతటికీ సరిపోయే నీళ్ల ఫిల్టరు కొందామని వచ్చాడు. ఇంట్లో ఆరుగురు. ఆరుగురికి ఎంత పెద్దది కావాలో చెబుతాడనుకున్నాడు.

"నీళ్లు బోర్లోంచి ఫిల్టరుకు, ఆడినుంచి మిద్దె మీది ట్యాంకుకు పోతాయి. మీరు ఆరుమందో అరవైమందో దానికేం తెలుస్తాది? బోరు ఎంత పోస్తే అంత వడగడతాది."

"పెద్దది పెడితే పోయేదేముందన్నా? ఒకేసారి నిశ్చింత కదా."

తిమ్మన్న చేయి ఆగింది. "ఆ మాటే నేనూ ఒకరికి చెప్పినా."

అతను పదేళ్లు బోరుబండి మీద పనిచేసి, చెవులు సగం మొద్దుబారాక ఈ పనిలోకి వచ్చాడు. ఎవరూ నేర్పలేదు. కొన్ని చెడగొట్టి నేర్చుకున్నాడు. అలా చెడింది ఒకటి కోయిలకుంట్లలో కృష్ణవేణమ్మ ఇంట్లో ఉంది. కృష్ణవేణమ్మ పేరు వినగానే భూపేష్ తలెత్తాడు. ఆమెది మా పెద్దమ్మ వీధేనన్నా, అన్నాడు.

"పన్నెండు మందిమి, మంచిది పెట్టు నాయనా అనింది. నా ఎత్తు ఫిల్టరు పీపా పెట్టినా. లోపలుండే ఇసుకను వారం వారం కడగాల. కింద నుంచి నీళ్లు జోరుగా ఎగదన్నితేనే మురికి తేలిపోతాది. పెద్ద పీపాకు పెద్ద జోరు కావాల. ఆయమ్మ బోరు చూస్తే మేకను పిండినట్టు పోస్తాది. ఆర్నెల్లకు ఇసుక రాయైపోయింది. నీళ్లు నీచువాసన."

"తిట్టలేదా?"

"తిట్టింటే బాగుండు. 'కడగడం నాకు చేతకాలేదు నాయనా, అంత మంచి సామాను పాడుచేసినా' అనింది. నేను తలూపి వచ్చేసినా. మూడేండ్లాయ. డెబ్భై ఏండ్ల మనిషి, ఇప్పటికీ వీధి కొళాయి కాడి నుంచి బిందెలు మోస్తాండాది."

"ఫోన్ చేసి చెప్పకపోయావా?"

"చేసినా. ఫిల్టరు మాటెత్తితే, 'దాని సంగతి ఎత్తాకు నాయనా, నాకు సిగ్గుగా ఉండాది' అంటాది. నేనూ అదే చాలని ఫోన్ పెట్టేస్తా."

తర్వాత తిమ్మన్న పనిలో పడి, భూపేష్ బోరు కింద ఇరవై లీటర్ల బకెట్టు ఎంతసేపట్లో నిండుతుందో అడిగాడు. నిమిషం, అన్నాడు భూపేష్. నడుమెత్తు కూడా లేని పీపాను తిమ్మన్న ముందుకు జరిపాడు. భూపేష్ జేబులోంచి డబ్బు తీశాడు.

"కోయిలకుంట్లకు మీ పెద్దమ్మ ఇంటికి ఎప్పుడు పోతాండావప్పా?"

"ఆదివారం."

"ఆయమ్మను చూసి చెప్పు. కడగడం రాక కాదమ్మా, ఆ బోరుకు అంతది పెట్టనే కూడదు, తప్పు తిమ్మన్నది అని. సోమవారం నేనే చిన్నది తీసుకొని వస్తా."

"నువ్వే చెప్పొచ్చు కదన్నా."

"నేను ఎదురుగా నిలబడితే ఆయమ్మ నన్నే సముదాయిస్తాది. నువ్వు చెప్పు. కుదురుగా కూర్చున్నప్పుడు చెప్పు. బిందె మోస్తా ఉంటే మాత్రం చెప్పాకు."