పాత ప్రేక్షకుడి జవాబు

మా తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. ముప్పయ్యొక్క ఏళ్ళ ఉద్యోగంలో, మధ్యలో ఆగిపోయిన లిఫ్టుల్లోంచి నాలుగు వందల పైచిలుకు మందిని బయటికి తీశాడు. వాళ్ళలో ఒక పెళ్ళికొడుకూ, ఒక జడ్జీగారూ ఉన్నారు. ఒకసారి మాత్రం గంటన్నర కష్టపడి తలుపు తెరిస్తే లోపల మనిషి లేడు, బీరువా ఉంది. ఈ లెక్క వాడు పెట్టుకున్నది కాదు, నేను రాసిపెట్టింది. వాడికి చెప్పుకోవడం రాదు. మా ఇంట్లో ఆ పని ఎప్పుడూ నాదే.

నా గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. చుట్టుపక్కల పన్నెండు బళ్ళకి కలిపి పెట్టిన వ్యాసరచన పోటీలో వరసగా మూడేళ్ళు మొదటి బహుమతి నాది. మా ఊరికి బస్సు వేయించిన అర్జీ నా చేతిరాత. పొలం గట్టు దగ్గర తగువుపడి ఇరవై ఏళ్ళు మొహాలు చూసుకోని అన్నదమ్ముల్ని రెండు పేజీల ఉత్తరంతో ఒక గుమ్మంలో కూర్చోబెట్టాను. వాళ్ళలో పెద్దాయన పోయేదాకా ఆ ఉత్తరం చొక్కా జేబులోనే ఉండేదట. అందుకని, రాస్తే కుదరనిది లేదని నాకొక నమ్మకం ఉండేది.

తమ్ముడికి ఒక్కతే కూతురు. చిన్నప్పుడు తండ్రీ కూతుళ్ళిద్దరూ ఆదివారం పొద్దున్నే టీవీ ముందు చేరేవాళ్ళు. జపాను వాళ్ళ వీరుడి సీరియల్ వచ్చేది. ముసుగు, మెడకి గుడ్డ, చేతిలోంచి మెరుపులు. "ముప్పై ఏళ్ళ మనిషివి, నీకేం వచ్చిందిరా" అంటే, "ఆ చెయ్యి మడిచినప్పుడు లోపల స్ప్రింగు ఎలా పెట్టారో చూస్తున్నా అన్నయ్యా" అనేవాడు. ఆ పిల్లకి కొనిపెట్టిన వీరుడి బొమ్మ చెయ్యి ఊడితే వాడు మొత్తం విప్పి మళ్ళీ బిగించాడు. చెయ్యి బాగానే తిరిగింది గాని ఒక మరమేకు మిగిలిపోయింది. "మా నాన్న ఏది బాగుచేసినా ఒకటి మిగుల్తుంది" అని ఆ పిల్ల ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది. ఆ మరమేకుని పెన్సిళ్ళ డబ్బాలో దాచుకుంది.

ఆ పిల్ల వేరే ఊళ్ళో హాస్టల్లో ఉండి లెక్కల్లో పెద్ద చదువు చదివింది. ఆఖరి పరీక్షలు మొదలైన రోజునే మా మరదలు ఆసుపత్రిలో చేరింది. కబురు చేద్దామని తమ్ముడు ఫోను తీశాడు. వద్దన్నది నేను. "పరీక్షలు పాడైపోతాయిరా. నాలుగేళ్ళ కష్టం. తొమ్మిది రోజులు ఓపిక పట్టు" అన్నాను. చదువు విలువ తెలిసినవాణ్ణని నా మాటకి మా వాళ్ళలో ఎదురు లేదు. రోజూ సాయంత్రం వాడు ఆసుపత్రి మెట్ల మీదికి వెళ్ళి కూతురికి ఫోను చేసేవాడు. అమ్మేదీ అని అడిగితే "నిద్రపోతోంది తల్లీ" అనేవాడు. ఏడో రోజున మరదలు పోయింది. ఆ సాయంత్రం కూడా "నిద్రపోతోంది" అనే చెప్పాడు. పరీక్షలు ముగించుకుని పిల్ల వచ్చేసరికి అన్నీ అయిపోయాయి, ఇల్లు కడిగేశాం కూడా.

ఆ పిల్ల అరవలేదు. వారం ఉండి వెళ్ళిపోయింది. రెండు నెలలకి ఒకసారి ఫోను చేసింది. "ఫస్టు క్లాసు వచ్చింది నాన్నా. పెదనాన్నకి చెప్పు, సంతోషిస్తాడు" అని పెట్టేసింది. ఆ తరవాత ఆ నంబరు పని చెయ్యలేదు. ఎక్కడుందో తెలియదు. ఏడేళ్ళయింది.

వాడు మాత్రం ఆదివారాలు సీరియల్ చూడటం మానలేదు. పాత వీరుడు పోయి కొత్తవాళ్ళు వచ్చారు. ఇప్పటివాడి పేరు నీలికవచం. తెలుగువాళ్ళ అభిమానుల గుంపొకటి ఫోనులో ఉందని తెలిసి, 'పాత ప్రేక్షకుడు' అని పేరు పెట్టుకుని అందులో చేరాడు. ఎవరి అసలు పేరూ ఎవరికీ తెలియని చోటు అది. అక్కడ పద్ధతి చాలా గట్టిది. జపానులో పొద్దున వచ్చిన భాగం మధ్యాహ్నానికి అందరికీ అందుతుంది. చూసి, నాలుగు గంటల్లోపు ఎవరి అభిప్రాయం వాళ్ళు రాసి పంపాలి. ఒకరిది ఒకరు చదవడానికి లేదు. నాలుగింటికి గుంపు పెద్ద, అందరూ గేటక్క అని పిలిచే ఆవిడ, అన్నీ ఒకేసారి తెరుస్తుంది. ఆ తరవాత ఆరింటిదాకా జవాబులు. మనిషికి ఒక్క జవాబు. రాసింది తీసెయ్యడానికి వీల్లేదు. ఎవడో తిట్టి తుడిచేసిన రోజునుంచి ఆ నియమం వచ్చిందట.

చేరిన నాలుగో వారమే వాడు ఊపిరాడకుండా మా ఇంటికి వచ్చాడు. రెండు వీధులు పరిగెత్తినట్టున్నాడు. ఫోను నా మొహం మీద పెట్టి, "చదువు అన్నయ్యా" అన్నాడు. అభిప్రాయం కింద పేరు 'మిగిలిన మరమేకు' అని ఉంది.

అప్పటినుంచి మూడేళ్ళు. వాడి వేళ్ళు లావు, అక్షరాలు ఒకదానికి బదులు ఇంకొకటి పడతాయి. అందుకని ఆదివారాలు నేను వెళ్ళి, వాడు చెబుతుంటే రాసేవాణ్ణి. వాడి ఒక్క జవాబూ ప్రతి వారం ఆ పిల్లకే. "మీరన్నది నిజమండీ", "నాకూ అలాగే అనిపించింది". అంతకంటే రాయనిచ్చేవాడు కాదు. కూతుర్ని మీరు అని పిలుస్తుంటే రాసే చేతికే ఎలాగో ఉండేది. ఆ రాతల్లోంచే వాడికి సంగతులు తెలిసేవి. కళ్ళజోడు వచ్చిందని, ఇల్లు మారిందని, కొత్తింట్లో ఎండ రాదని. ఒకసారి "మా ఆఫీసు లిఫ్టు మళ్ళీ ఆగింది, అందుకే ఆలస్యంగా చూశాను" అని రాసింది. ఆ వారమంతా వాడికి తిండి సయించలేదు.

"ఏ కంపెనీ లిఫ్టో అడుగుదామా? తాళ్ళు అరిగినా చెప్పరు వెధవలు."

"అడిగితే తెలిసిపోతుందిరా. నోరు మూసుకో" అన్నాను. అన్నది నేనే.

పోయిన నెలలో వచ్చిన భాగం గురించి చెబుతాను. నీలికవచానికి కవచం చేసి ఇచ్చేది ఒక ముసలి కమ్మరి. ఆ పొద్దున నీలికవచం తల్లి చనిపోతుంది. కబురు కమ్మరికి అందుతుంది. బయట పట్నం మీద శత్రువులు పడ్డారు. చెబితే కుర్రాడు కూలిపోతాడని, చెప్పకుండా కవచం తొడిగి యుద్ధానికి పంపేస్తాడు. గెలిచి వచ్చాక చెబుతాడు. అక్కడితో ఆ భాగం అయిపోయింది.

చివరి పాట అయిపోయినా తమ్ముడు టీవీ కట్టలేదు.

"ఏం రాయమంటావ్?" అన్నాను.

"బాగుంది అని రాయి."

నాలుగింటికి గేటక్క తెరిచింది. అరవై ఒక్క అభిప్రాయాలు. 'ఆఖరి బెంచీ' అనే అతను, "కమ్మరి తాత అబద్ధానికి కూడా మంచి ఇనుమే వాడాడు, ఎక్కడా అతుకు కనబడలేదు" అని రాశాడు. ఇంకొకావిడ, "నా కంట్లో నలక పడింది, మా ఇంట్లో దుమ్ము లేదు" అంది. ఒకడు, "ఊరు నిలబడింది కదా, ఇంకా ఏడుపేంటి" అంటే, "నీ ఊరు కాదు, వాడి అమ్మ" అని వెంటనే దాని కింద ఇంకొకరి జవాబు. సగం మంది కమ్మరి చేసింది ఒప్పన్నారు, సగం మంది తప్పన్నారు. తమ్ముడు అవేవీ చదవడం లేదు. వేలితో కిందికి జరుపుకుంటూ పోయి, ఒకచోట ఆపాడు. ఆ పిల్ల రాసింది ఇది:

"రెండుసార్లు చూశాను. తాత చెప్పకుండా పంపినప్పుడు మొదటిసారి కట్టేశాను. గంట తరవాత మళ్ళీ పెట్టాను. కవచం పట్టీలు బిగిస్తున్నప్పుడు తాత చేతులు వణికాయి. మొదట అది నేను చూడలేదు. క్షమించానని రాయను. చేతులు వణికాయని మాత్రం రాస్తున్నాను."

వాడు దాన్ని నాలుగైదుసార్లు చదివి ఉంటాడు. పెదవులు కదులుతున్నాయి.

"చాలు అన్నయ్యా" అన్నాడు. "ఇవాల్టికి ఇది చాలు."

"జవాబు?"

"ఆలోచించి రాద్దాం. మంచిది రాద్దాం."

అప్పుడే కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. నాలుగు వీధుల అవతల ఏదో ఆఫీసులో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగింది, లోపల ఊపిరి సరిగ్గా అందని ముసలావిడ ఉంది. సంచీ భుజాన వేసుకుని, "ఆరు లోపల వచ్చేస్తా. నేనొచ్చాకే రాద్దాం" అని వెళ్ళాడు. ఫోను నా చేతిలోనే ఉంది. పనిలో ఉన్నప్పుడు వాడు ఎప్పుడూ కంపెనీ ఇచ్చిన చిన్న ఫోనే పట్టుకెళతాడు.

అయిదున్నర అయింది. వాడు రాలేదు. చిన్న ఫోనుకి చేస్తే ఎత్తడు, చేతులు ఖాళీగా ఉండవు. పావు తక్కువ ఆరు. ఏడేళ్ళకి తలుపు వెంట్రుకవాసి తెరుచుకుంది, ఆరింటికి మూసేస్తారు, మళ్ళీ వారానికి ఆ పిల్ల మనసు ఎలా మారుతుందో ఎవరికి తెలుసు. ఇరవై ఏళ్ళ తగువు తీర్చిన చెయ్యి ఇది, ఊరికే ఎలా కూర్చుంటుంది? రాశాను. పాత ప్రేక్షకుడి పేరుతోనే, ఆ పిల్ల అభిప్రాయం కింద, ఇలా రాశాను:

"అమ్మా, అబద్ధం చెప్పినవాడు అది చెప్పినంతకాలం నిద్రపోడు. అలాంటి తండ్రి ఒకరిని నేనెరుగుదును. 'అమ్మ నిద్రపోతోంది' అని ఫోనులో చెప్పి, ఆసుపత్రి మెట్ల మీద మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. బిడ్డ చదువు పాడవకూడదని పెద్దలు చెప్పిన మాట విన్నాడే గాని, అందులో అతని స్వార్థం ఆవగింజంత లేదు. అతని చేతులు ఈనాటికీ వణుకుతూనే ఉన్నాయి."

'ఒక తండ్రి' అన్నాను గదా, పేరు చెప్పలేదు గదా అనుకున్నాను. మరుగు బాగానే ఉందనుకున్నాను. నిజం చెప్పొద్దూ, పంపాక నాకే కళ్ళు తడిశాయి.

ఆరింటికల్లా ఆ జవాబు కింద పూలూ చప్పట్లూ గుప్పించారు. నలభై ఏడుగురు మెచ్చుకున్నారు. "పాత ప్రేక్షకుడు గారూ, ఇన్నాళ్ళూ ఒక్క ముక్కే రాసేవారు, ఇంత దాచుకున్నారా" అంది గేటక్క. ఆ గుంపు పుట్టాక ఏ జవాబుకీ అంత మెప్పు రాలేదట. నేను నా జన్మలో రాసినవాటిలో అంతమంది మెచ్చుకున్నది అదే.

ఆరూ పదికి తమ్ముడు వచ్చాడు. మోచేతుల దాకా గ్రీజు. "ఆవిడ బాగానే ఉంది, నడిచి వెళ్ళింది" అన్నాడు. సబ్బుతో కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. నేను సంతోషంగానే ఫోను ఇచ్చాను.

చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"మెట్ల మీద అని ఎందుకు రాశావ్ అన్నయ్యా?"

"పేరు రాయలేదు కదరా."

"నిద్రపోతోంది అన్న మాట దానికీ నాకూ తప్ప ఎవరికి తెలుసు?"

వాడు ఫోను నా వైపు తిప్పాడు. గుంపు చివర చిన్న అక్షరాలతో, 'మిగిలిన మరమేకు గుంపు నుంచి వెళ్ళిపోయారు' అని ఉంది. టైము అయిదూ యాభై ఆరు. నేను రాసిన నాలుగు నిమిషాలకే. నేను చప్పట్లు చదువుకుంటున్నప్పుడు.

ఆ పిల్లకి తెలిసింది తండ్రి అక్కడున్నాడని మాత్రమే కాదు. మూడేళ్ళు మారుపేరుతో పక్కన కూర్చుని తన మాటలన్నీ విన్నాడని తెలిసింది. ఒకసారి దాచినవాడు మళ్ళీ దాచాడు. పైగా 'పెద్దలు చెప్పిన మాట' అని నన్ను నేను కాపాడుకున్నట్టే ఉంది ఆ వాక్యం. అది నేను ఇప్పుడు చదువుకుంటే కనబడుతోంది. అప్పుడు కనబడలేదు.

మర్నాడు తమ్ముడు రాత తప్పులతో తనే గేటక్కకి రాసుకున్నాడు, వెళ్ళిపోయిన 'మిగిలిన మరమేకు'కి ఒక్క కబురు చేరవెయ్యమని. "వెళ్ళినవాళ్ళ వెనక మేం వెళ్ళమండీ. వాళ్ళ నంబర్లు కూడా ఉంచం. ఏమీ అనుకోవద్దు" అని జవాబు వచ్చింది. ఆ మాటలో తప్పు పట్టడానికి లేదు.

తరవాతి ఆదివారం వెళ్ళాను. టీవీకి గుడ్డ కప్పి ఉంది. వాడు లేడు. ఎవరూ ఒప్పుకోని ఆదివారం డ్యూటీ అడిగి వేయించుకున్నాడట. సీరియల్‌కి ఇంకా అయిదు భాగాలు ఉన్నాయి. నీలికవచం తాతతో మాట్లాడాడో లేదో మాకిద్దరికీ తెలియదు.

నిన్న క్యారేజీ పట్టుకుని వాడు పని చేస్తున్న చోటికి వెళ్ళాను. ఆరంతస్తుల మేడ, పైన మోటారు గది. లిఫ్టు విప్పేసి ఉంది, మెట్లెక్కి వెళ్ళాను, నా వయసుకి అది తక్కువేం కాదు. వాడు మోకాళ్ళ మీద కూర్చుని ఉక్కు తాళ్ళు ఒక్కొక్కటే గుడ్డతో తుడుస్తున్నాడు.

"ఎందుకొచ్చావ్ అన్నయ్యా, మోకాళ్ళు నొప్పులు."

"ఒక ఉత్తరం రాద్దామనుకుంటున్నాన్రా. తప్పంతా నాదేనని. గుంపులో అందరూ చదివేలా పెడితే, ఎవరో ఒకరి ద్వారా దానికి అందదా?"

వాడు తుడవడం ఆపలేదు. "ఎవరి పేరు మీద రాస్తావ్?" అన్నాడు.

నా పేరు మీద రాస్తే ఆ పిల్ల చదవదు. వాడి పేరు మీద రాస్తే మళ్ళీ అదే పని.

"రాయకు" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే. తాడు పక్కకి తిప్పి, "ఆ టార్చి కొంచెం ఇటు పట్టు, ఇక్కడ తీగ తెగినట్టుంది" అన్నాడు.

పట్టుకుని నిలబడ్డాను.