మా తోడికోడలు ఎంచుకున్న హోటలు

సోములమ్మకీ నాకూ ఏనాడూ పడలేదు. ఆమె మా ఇంటి పెద్దకోడలు, నేను చిన్నకోడలిని. మా ఆయన కొండ దిగువన తన వాటాకొచ్చిన కళ్ళం జాగా రిసార్టు వాళ్ళకి లీజుకిచ్చినప్పుడు ఊరంతా వినేలా మమ్మల్ని తిట్టిపోసింది. మా వాటా, మా ఇష్టం. ఆ తర్వాత మేం చర్చికి వెళ్ళడం మొదలుపెడితే దానికీ తిట్టింది. ఇద్దరం మొగుళ్ళని పోగొట్టుకున్నాక కూడా ఆమె నోరు మాత్రం తగ్గలేదు.

ఊళ్ళో ఆ నోటికి అంత చెల్లుబాటు ఎందుకంటే కొత్త పండగల వల్ల. మా కొండల్లో ఏ పంటైనా, ఏ కాయైనా ముందు దేవుడికి పెట్టాకే మనుషులు నోట పెట్టాలి. ఆ పండగనే కొత్త అంటాం. మామిడి కొత్త అయ్యేదాకా పిందె కూడా కొరకకూడదు. దేవుడికి పెట్టే వంట సోములమ్మ చేతి మీదుగానే జరగాలి. మా అమ్మాయి గాయత్రి చిన్నప్పుడు రాలిన పిందె కొరికిందని నా చేత తప్పు కింద కోడిపుంజు కట్టించుకుంది మహాతల్లి. ఇప్పుడు మాకు ఆ పట్టింపు లేదు గానీ, ఆ పుంజు సంగతి నేను మర్చిపోలేదు.

మా ఊరి కింద రిసార్టంటే మాటలు కాదు. జెయింట్ వీలు, సిమెంటు జలపాతం, ఫైబరు ఏనుగులు, అరకు వచ్చిన బస్సులన్నీ అక్కడే ఆగుతాయి. ఇప్పుడు రోప్‌వే వేస్తారట. దానికి సోములమ్మ కాఫీ తోట కావాలి. ఆ దారిలో భూములున్న వాళ్ళందరూ ఒప్పుకున్నారు, ఆమె తప్ప. ఆమె కొడుకు ధర్మ అక్కడే పార్కింగు దగ్గర విజిలు ఊదుతాడు. తల్లి ఒప్పుకుంటే ఉద్యోగం పర్మినెంటు, లేకపోతే ఇంటికే. మేనేజరు లక్ష్మణరావు ఆ మాట నవ్వుతూనే చెప్పాడు. విజయనగరం మనిషి. మాతో మాట్లాడేటప్పుడు చంటిపిల్లలతో మాట్లాడినట్టు గొంతు సాగదీస్తాడు.

"మా దగ్గర మూడు రెస్టారెంట్లున్నాయి సోములమ్మ గారూ. మీకు ఏది నచ్చితే అది ఎంచుకోండి. భోంచేసి, తీరిగ్గా మాట్లాడుకుందాం" అని కబురుపెట్టాడు.

"ఫుడ్ కోర్టుకి ఎల్దామమ్మా, బిర్యానీ బాగుంటాది" అన్నాడు ధర్మ. తల్లిని పెద్ద హోటల్లో పైవాళ్ళ మధ్య చూపించడం వాడికి నామోషీ.

"ఎదురుబొంగు కోడి పెట్టేది మంచిదక్కా" అన్నాను నేను.

"అన్నిటికన్నా పెద్దదేది?"

"శిఖరం. మన కళ్ళం జాగాలో కట్టినారు. అక్కడికి మామూలోళ్ళు ఎల్లరు."

"అయితే అదే. నా కళ్ళంలోకి నానెల్తే ఎవుడాపుతాడో సూత్తాను" అని నా వైపు గుడ్లురిమింది. తర్వాత కొడుకు మొహం చూసి కాస్త తగ్గి, "తిన్నాక సెప్తాను నా మాట" అంది. వాడు నెల్లాళ్ళుగా బతిమాలుతున్నాడు. ఆమె కూడా అలిసిపోయింది.

ధర్మ నన్ను తోడు వెళ్ళమని బతిమాలితే మర్నాడు ఇద్దరం వెళ్ళాం. వాడు డ్యూటీ అయ్యాక వస్తానన్నాడు. గుమ్మం దగ్గర ఒకడు మమ్మల్ని కిందనుంచి పైదాకా చూసి, చేతులు కడుక్కునే చోట బల్ల చూపించాడు. సోములమ్మ వాడిని దాటుకుంటూ వెళ్ళి అద్దాల పక్క బల్ల మీద తన సంచి పెట్టింది. చుట్టుపక్కల వాళ్ళు తినడం మానేసి చూశారు. "ఏటి సూత్తన్నారు? తినండి" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

సూపు వస్తే గంజి అంది. రొట్టె వస్తే మాడిందంది. వడ్డించే శివకుమార్ అనే కుర్రాడికి చెమటలు పట్టాయి. అప్పుడు పచ్చిమామిడి ముక్కలు పరిచిన చేప వచ్చింది. సోములమ్మ చెయ్యి ఆగిపోయింది.

"మామిడికి కొత్తయినాదేటి బాబూ?"

"ఆ, కొత్తేనమ్మా! నిన్ననే."

నిన్న పొద్దువాలే దాకా రిసార్టులోంచి డప్పులు మా ఊరికి వినిపించాయి. ఆమెకి అవి గుర్తొచ్చాయి. "మన కళ్ళంలో కొత్త సేసినారంటే సెల్లీ! అంత సెడ్డోళ్ళు కారేమో" అంది. ఆ మొహం అలా మెత్తబడగా నేను ఎన్నడూ చూడలేదు. చెంచా పక్కన పెట్టి చేత్తో తింది. మళ్ళీ వేయించుకుంది. నన్ను సెల్లీ అని పిలిచి కూడా ఏళ్ళయింది.

లక్ష్మణరావు, వెనకాల ధర్మ వచ్చారు. సోములమ్మ నవ్వుతూ అడిగింది. "పూజ ఎవులు సేసినారు బాబూ? మా పూజారి రాలేదు కదా?"

"ఏ పూజ?"

"నిన్నటి మామిడి కొత్త."

శివకుమార్ నీళ్ళు నమిలాడు. "కాయలు కొత్తవా అని అడిగారనుకున్నాను సార్. నిన్న కోసినవే కదా అని..."

ధర్మ ఖాళీ పళ్ళెం చూసి తెల్లబోయాడు. "అమ్మా, నిన్నటివి టూరిస్టులకి ఆడిన థింసా డాన్సు డప్పులే. మన కొత్తకి ఇంకా వారముంది."

సోములమ్మ ఎంగిలి చెయ్యి పళ్ళెంలో అలాగే ఉండిపోయింది. లక్ష్మణరావు హాయిగా నవ్వేశాడు. "ఇంతేనా! ఎవరు చూశారండీ? ఉన్నది మనమే. మీ ఊళ్ళో చెప్పేదెవరు? కనక గారు చెప్తారా?"

"సెప్పను" అన్నాను. లోపల ఎంత సంతోషమో! ఇక జన్మలో నా ముందు ఆ నోరు లేవదు.

"నాను సూడలేదేటి?" అంది సోములమ్మ. చెయ్యి కడుక్కోకుండానే లేచింది. "తోట ఇవ్వను."

"అమ్మా, నా ఉద్దోగం!" అన్నాడు ధర్మ. ఆమె వెనక్కి తిరగలేదు.

ఆ సాయంత్రమే ఊరి పెద్దల ముందు తనంతట తనే చెప్పేసింది. దేవుడి వంట ఊళ్ళో ఇంకొకామె, చిన్నమ్మికి అప్పగించారు. వారం తిరక్కుండా పార్కింగులో వేరేవాడు విజిలు ఊదుతున్నాడు. ధర్మ తల్లితో మాట్లాడడం మానేసి మా ఇంట్లో తింటున్నాడు.

నేను ఉండబట్టలేక తోటకి వెళ్ళాను. ఆమె కాఫీ మొక్కల మొదట్లో గడ్డి పీకుతోంది. "నాను సెప్పనన్నాను కదా. వంట పోనాది, కొడుకుద్దోగం పోనాది. నీకేటి మిగిలినాది?" అని అరిచాను.

ఆమె తలెత్తలేదు. "ఎవుడు సూసినాడన్న మాటకి ఇయాల నాను తలూపితే, రేపు ఈ తోట నాదని ఎవుడు సూసినాడంటారు. నిన్నే అడుగుతారు కనకా. అప్పుడేటి సెప్తావు?"

హోటల్లో చెప్పనన్న నోటితోనే చూడలేదంటానని ఆమెకి తెలుసు. నాకూ తెలుసు. ఒళ్ళు మండిపోయి గిరుక్కున తిరిగి వచ్చేశాను.