బాయ్‌కిన్ వాళ్ల వాకిట్లో పచ్చగడ్డి

రేపు ప్రారంభోత్సవం అనగా, ఇల్లు ఎలా ముస్తాబయిందో చూసి పోదామని ఆర్థీనియా వచ్చింది. సోరెల్ నెక్‌లో ఆమెకు తెలియకుండా పిల్లి కూడా ఈనదు. అలాంటిది, తను పుట్టిన ఇంటి సంగతి కళ్లతో చూడకుండా ఊరుకుంటుందా? చర్చి స్నేహితురాలు ఓడెస్సా నడిపే ట్రక్కులోంచి ఆర్థీనియా చేతికర్ర ఊతంగా దిగింది. కంచె తలుపు తోసి, లోపల అడుగు పెట్టబోయి ఆగిపోయింది.

వాకిలంతా పచ్చగడ్డి.

మొలిచిన గడ్డి కాదు. చాపల్లా చుట్టలు చుట్టి తెచ్చి పరిచిన గడ్డి. అతుకులు ఇంకా కనబడుతూనే ఉన్నాయి.

"సిస్టర్, మనం ఇల్లు తప్పి వచ్చామంటావా?" అంది ఓడెస్సా, నవ్వించాలని.

ఆర్థీనియా నవ్వలేదు. "వెండెల్ ఎక్కడ?" అంది.

వెండెల్ ఆమె అన్న కొడుకు. హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు, చర్చిలో పెద్దమనిషి, ఈ ఇంటిని బాగుచేసే కమిటీకి అధ్యక్షుడు. ఆర్థీనియా ముత్తాత ప్రిన్స్ బాయ్‌కిన్ బానిసతనం వదిలాక మొదట కొన్నది ఈ నేల. చిత్తడిలో చెట్లు కొట్టి, తన చేతులతో పలకలు కోసి కట్టింది ఈ ఇల్లు. ఎన్నో ఏళ్లుగా కప్పు కారి, వసారా కూలి పాడుబడితే, చర్చివాళ్లంతా కలిసి రేకులు మార్చారు, పొగగొట్టం మళ్లీ కట్టారు, దయ్యాలు లోపలికి రాకుండా వసారా పైకప్పుకు పాతరోజుల్లోలాగే లేతనీలం రంగు వేశారు. ఆ పనులన్నీ ఆర్థీనియాకు నచ్చాయి. నచ్చాయని పదిమందితోనూ చెప్పింది.

కానీ ఇల్లు అందరూ వచ్చి చూసేలా ఊరికి అప్పగించే రోజున ఆమె ఒక మాట అడిగింది. బాయ్‌కిన్లలో ఎవరూ వీలునామా రాయలేదు. ప్రిన్స్ సంతానంలో పుట్టిన ప్రతివాళ్లదీ ఆ నేల. అందరూ ఊఁ అంటే తప్ప ఏ పనీ జరగదు. డెట్రాయిట్ వాళ్లు ఊఁ అన్నారు, ఫిలడెల్ఫియా వాళ్లు ఊఁ అన్నారు. చివరికి ఆర్థీనియా వంతు వచ్చింది. చర్చిలో లేచి నిలబడి, "ఇల్లు ఇస్తున్నాను, మనసారా ఇస్తున్నాను. వాకిలి మాత్రం మట్టిగానే ఉండాలి. రోజూ ఊడవాలి. అంతే" అంది. వెండెల్ గుండెల మీద చెయ్యి వేసుకుని, "మాటిస్తున్నానత్తా" అన్నాడు. అందరూ విన్నారు.

ఆ వెండెల్ ఇప్పుడు చేతులు తుడుచుకుంటూ వసారాలోకి వచ్చాడు.

"ఎలా ఉందత్తా? కళ్లు చల్లబడ్డాయా?"

"ఎవరిల్లురా ఇది?"

"అదేం మాట? మనదే."

"మనింట్లో గడ్డి ఎప్పుడు మొలిచిందిరా? పరక కనబడితే చాలు, నానమ్మ గోటితో గిల్లి పారేసేది."

"రేపు కౌంటీ పెద్దలొస్తున్నారు. టీవీవాళ్లొస్తున్నారు. ఉత్త మట్టి వాకిలి చూస్తే, పాపం, వీళ్లకి గడ్డి వేసుకునే దిక్కు కూడా లేదనుకోరూ?"

"ఎవరనుకుంటారు?"

"అందరూ."

"అందరూ అంటే ఎవర్రా? పేర్లు చెప్పు."

వెండెల్ వసారా స్తంభానికి ఆనుకున్నాడు. "నేనూ ఊడ్చానత్తా ఈ వాకిలి. బడికి వెళ్లే ముందు. బస్సులో పిల్లలు కిటికీల్లోంచి చూసి, దుమ్ముగాడొచ్చాడు రోయ్ అని అరిచేవాళ్లు. నాకింకా చెవుల్లో ఉంది."

ఆర్థీనియా ముఖం ఒక్క క్షణం మెత్తబడింది. వెంటనే మళ్లీ బిగుసుకుంది. "అయితే ఇదంతా ఆ అరిచినవాళ్ల కోసమన్నమాట. ప్రిన్స్ బాయ్‌కిన్ కోసం కాదు."

"పైగా మనకేం ఖర్చు కాలేదు. గోల్ఫ్ క్లబ్బువాళ్లు ఊరికే ఇచ్చారు."

ఆ మాటతో ఆమె చేతికర్ర నేలకు టప్పున తగిలింది. చిత్తడికి అవతల ఉన్న గోల్ఫ్ మైదానం ఒకప్పుడు ఇరుగుపొరుగైన మిగిల్ కుటుంబం పోగొట్టుకున్న భూమి. మిగిల్ వాళ్ల వాకిళ్లు, పొలాలు, సమాధులు అన్నీ ఆ గడ్డి కిందే ఉన్నాయి.

"మిగిల్ వాళ్లని కప్పెట్టగా మిగిలిందా ఇది? అది తెచ్చి మా నానమ్మ వాకిట్లో పరిచావురా?"

"అత్తా, రోజులు మారాయి..."

"నాతో మాట్లాడకు" అని ఆర్థీనియా వెనక్కి తిరిగింది.

ట్రక్కులో కూచుని ఆమె తన చేతులు చూసుకుంది. ఆ చేతులు అదే వాకిట్లో చీపురు పట్టడం నేర్చుకున్నాయి. నానమ్మ జిప్పోరా గాల్‌బెరీ పొదల పుల్లలు కట్ట కట్టి చీపురు చేసేది. రోజూ పొద్దు వాలేవేళ, వెనక్కి నడుస్తూ, తన అడుగు కూడా మిగలకుండా ఊడ్చేది. చేపపొలుసుల్లా గీతలు పడేవి. పాములు రావనీ, నిప్పు అంటుకోదనీ అందరూ చెప్పేవాళ్లు. అదీ నిజమే. కానీ జిప్పోరా తెల్లవారగానే మెట్టు మీద నిలబడి, కింద కాలు పెట్టకుండా, ముందు వాకిలి చూసేది. ఏ కుక్క వచ్చింది, ఏ రకూన్ కోళ్లగూడు చుట్టూ తిరిగింది, అంతా అక్కడే తెలిసిపోయేది.

ఆర్థీనియా చిన్నప్పుడు ఒకరోజు పొద్దున్నే బూటు అడుగులు కనబడ్డాయి. ఇల్లంతా చుట్టి, పిల్లలు పడుకునే కిటికీ కింద చాలాసేపు నిలబడ్డ అడుగులు. ఒక మడమకు లాడం సగం విరిగిపోయి ఉంది. వాళ్ల నేల అమ్మమని అంతకుముందు నుంచీ ఊళ్లోని తెల్ల కొట్టుయజమాని తెగ సతాయిస్తున్నాడు. జిప్పోరా అరవలేదు, ఏడవలేదు. బట్టలుతికే రేకుతొట్టి తెచ్చి ఒక అడుగు మీద బోర్లించి, షెరీఫుకు కబురు పెట్టింది. షెరీఫు వచ్చాడు. తొట్టి ఎత్తించాడు. చూశాడు. చూసి, సరిగ్గా ఆ గుర్తు మీదే తన బూటు పెట్టి తిప్పితిప్పి తొక్కి, "ఏదీ? నాకేం కనబడటంలేదే" అన్నాడు.

జిప్పోరా ఆ రోజే కొట్టుకెళ్లి ఉప్పు కొంది. యజమాని పైఅరలోది తీయడానికి నిచ్చెన ఎక్కితే అతని మడమ చూసింది. డబ్బులిచ్చి ఇంటికొచ్చింది. ఆ సాయంత్రం నుంచి సోరెల్ నెక్‌లో ప్రతి వాకిలీ ఊడ్చారు, ప్రతి వసారాలోనూ ఒడిలో తుపాకీ పెట్టుకుని ఒక మగవాడు కూచున్నాడు. ఆ బూట్లు మళ్లీ రాలేదు. నేల మిగిలింది.

ఆర్థీనియా పెళ్లయినా, కప్పు కారి ఉండలేని రోజు వచ్చేదాకా, ఆ ఇల్లు వదల్లేదు. పగలంతా పీతల కార్ఖానాలో డిప్పలు ఒలిచి, వేళ్లు చీరుకుపోయి వచ్చినా సాయంత్రం చీపురు పట్టేది. మొగుడు క్లీవన్ పడవ మునిగి చనిపోయినప్పుడు మాత్రం ఊడవలేదు. వాకిట్లో అతని అడుగులు పడవరేవు వైపు వెళ్తూ ఉన్నాయి. వాన వచ్చి చెరిపేదాకా వాటిని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

"ఓడెస్సా," అంది ఆర్థీనియా, ట్రక్కు చర్చి దాటుతుండగా, "ఆ గడ్డి ఇంకా వేళ్లూనలేదు కదూ?"

"అతుకులు చూశావుగా."

"అయితే ఆడవాళ్లకి ఫోన్లు చెయ్యి."

మర్నాడు తెల్లవారగానే చర్చి ఆడవాళ్లంతా వచ్చారు. చాపలు చుట్టినట్టు గడ్డి చుట్టి ట్రక్కుకెత్తారు. "బాగా బరువుందే, పాపాలు కూడా కలిపి చుట్టినట్టున్నారు" అని ఒకావిడ అంటే, "పాపాలు కాదు, హెడ్మాస్టరుగారి పరువు" అంది ఓడెస్సా. ఆ చుట్టలన్నీ తీసుకెళ్లి వెండెల్ కారు వెనకాల, కారు కదలకుండా పేర్చి వచ్చారు. ఈలోగా ఆర్థీనియా గాల్‌బెరీ చీపురుతో మెట్ల దగ్గర మొదలుపెట్టింది. నడుం పట్టేసినప్పుడల్లా ఆగుతూ, తిట్టుకుంటూ, వెనక్కి నడుస్తూ కంచె తలుపు దాకా ఊడ్చుకొచ్చింది.

వెండెల్ కొత్త సూటులో నడిచి వచ్చాడు. చెమటలు కారుతున్నాయి. అప్పటికే జనం కంచె బయట గుమిగూడారు. కౌంటీ పెద్దలూ వాళ్లలో ఉన్నారు.

"అత్తా, నా కారు..."

"తెలుసు."

"పదిమందిలో నా తల తీసేశావు!"

"మరి నువ్వు పదిమందిలో ఇచ్చిన మాట తీసెయ్యలేదూ? లోపలికి పద. అధ్యక్షుడివి, ముందు నువ్వే వెళ్లాలి."

వెండెల్ వాకిలి చూశాడు. ఎక్కడ కాలు పెట్టినా గుర్తు పడుతుంది. పక్కకు చూశాడు, జనాన్ని చూశాడు, నిలబడిపోయాడు.

"ఏం, నీ అడుగు నీదని తెలుస్తుందనా?" అంది ఆర్థీనియా.

వెండెల్ దవడ బిగించి కాలు వేశాడు. మెరిసే బూటు మట్టిలో చక్కగా దిగింది. మరో అడుగు వేసి ముందుకు కదలగానే, ఆర్థీనియా సైగ చేసింది. ఓడెస్సా రేకుతొట్టి తెచ్చి ఆ మొదటి అడుగు మీద బోర్లించింది. నానమ్మ తొట్టే, సొట్టలు పడి ఉంది.

టీవీ అమ్మాయి ముందుకు వంగింది. "ఈ తొట్టి కింద ఏముందండీ?"

"మావాడిని అడుగమ్మా. వాడు ఈ ఇంట్లో పెరిగినవాడు. వాడికి అంతా తెలుసు."

వెండెల్ అత్త వైపు చూశాడు. ఆమె కళ్లలో దయ లేదు. టోపీ తీశాడు. వంగి, సూటు మోకాలు మట్టిలో ఆనించి, తొట్టి ఎత్తాడు.

"ఇది నా అడుగు" అన్నాడు మెల్లగా. "ఒకప్పుడు ఇక్కడే మరొకడి అడుగుండేది. షెరీఫుగారు దాన్ని..."

"గట్టిగా చెప్పరా" అంది ఆర్థీనియా. "వెనకవాళ్లకి వినబడటంలేదు."