లింగయ్యకు పని వెతుకుతూ మూడు ఊళ్ళు

ఇంట్లో బుద్ధి ఎదుగుదల తక్కువైన మనిషి ఉండి, అతనికి ఎక్కడైనా పని దొరుకుతుందేమో కనుక్కుందామని బయలుదేరేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఒక్క రోజులో తిరిగి రావచ్చు. మేం తిరిగాం. వెళ్ళింది ముగ్గురం, తిరిగి వచ్చిందీ ముగ్గురమే. ఇద్దరమే తిరిగి రావాలన్నది ఆ ప్రయాణం ఉద్దేశం.

పోయిన నెల సాగర్ ఎడమ కాలువ తవ్వకం వార్త కోసం పని జరిగేచోటికి వెళ్ళాను. అక్కడ సాలమ్మ రాళ్ళు మోస్తుంది. ఆత్మకూరు దగ్గరి మనిషి, వయసు నలభై. ఆమె తమ్ముడు లింగయ్యకు ముప్ఫై ఏళ్ళు. చెప్పిన పని చేస్తాడు. ఒకటి చేస్తుండగా ఇంకొకటి చెబితే నిలబడిపోతాడు. తల్లి పోయాక అక్క దగ్గరే ఉంటున్నాడు. ఆ రోజు రాయి పేల్చడానికి ముందు ఈల వేస్తే కూలీలంతా కాలువలోంచి పైకి వచ్చారు. లింగయ్య రాలేదు. మందు అంటించే మనిషి చివరి నిమిషంలో చూసి ఆగాడు. ఇద్దరు దిగి అతన్ని పైకి మోసుకొచ్చారు. సాయంత్రం కాంట్రాక్టరు మనిషి సాలమ్మను పిలిచి, "ఇంకోపాలి వీడు కాలువల కనబడితే నువ్వు గూడ పనికి రాకు" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

"పేపరోళ్ళకు నాలుగూళ్ళు ఎరుక గద సారూ, వీనికి యాడనన్న పని సూపియ్యి," అంది సాలమ్మ. "గుడిసెల పెట్టిపోతే తడిక తోసుకొని నన్ను దేవులాడుకుంట వస్తడు. యాడికి దేవులాడ్తడు? ఆ కాలువలకే."

కోదాడలో రాఘవయ్య అనే రిటైరైన బడిపంతులు ఇలాంటివాళ్ళకు పనులు చూపిస్తాడని విన్నాను. అతని దగ్గరికి తీసుకెళ్తానన్నాను.

అనుకున్న రోజు పొద్దున్నే వాళ్ళిద్దరూ కాలువ పని లారీలో సూర్యాపేట చేరారు. బస్టాండు ఎదురుగా హోటల్లో ఉప్మా తిని, టీ తాగి ఆరున్నరకు కోదాడ బస్సెక్కాం. టికెట్టు రెండు రూపాయల లోపే. ఎండాకాలంలో వెళ్ళేవాళ్ళు ఈ బస్సే ఎక్కండి, తరవాతి బస్సుల్లో రేకు కాలుతుంది. కండక్టరు ఈల వేశాడు, బస్సు కదిలింది. కిటికీ పక్కన కూర్చున్న లింగయ్య ఆ ఈలకు సీట్లోంచి జారి కింద కూర్చున్నాడు. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, తల మధ్యలో దూర్చి, రెండు చెవులూ మూసుకున్నాడు.

"ఏందన్నా, సీటుండంగ కింద కూసున్నవ్? కింద కూసున్నా టికెట్ గంతే," అన్నాడు కండక్టరు. వెనక సీట్లవాళ్ళు నవ్వారు.

సాలమ్మ వంగి అతని వీపు మీద అరచెయ్యి పెట్టింది. లింగయ్య లేచి మళ్ళీ సీట్లో కూర్చున్నాడు. అతను ఎందుకలా కూర్చుంటాడో మునగాల దాటేదాకా ఆమె చెప్పింది. మొదట్లో కాలువలో రాయి పేల్చే ముందు ఈల వేస్తే ఉరకమని నేర్పిందట. ఎటు ఉరకాలో అతనికి తెలియదు. ఒకసారి పేలే వైపుకే ఉరికాడు. అప్పటినుంచి ఉరకడం మాన్పించి, ఈల వినబడితే ఉన్నచోటే బండ చాటున కూర్చోవడం, చెవులు మూసుకోవడం, వీపు మీద అక్క చెయ్యి పడేదాకా లేవకపోవడం నేర్పింది. పోయిన నెల అతను కాలువలోంచి పైకి రానిది అందుకే. "రొండు నెలలు పట్టింది సారూ. ఒక్కపాలి నేర్సిండంటే ఇగ తప్పడు," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో కొంచెం గర్వం ఉంది.

ఎనిమిది కాకముందే కోదాడలో దిగాం. రాఘవయ్య ఇల్లు బస్టాండుకు నడిచేంత దూరం. ఆయనకు అరవై దాటాయి, బక్కపలచని మనిషి. "ముందు మంచినీళ్ళు తాగండి, తరవాత మాట్లాడుకుందాం," అన్నాడు. లింగయ్య ఏం తింటాడు, ఎవరంటే భయం, ఎండకు తట్టుకుంటాడా, ఎవరైనా కొడితే తిరిగి కొడతాడా అని సాలమ్మను అడిగాడు. తరవాత లింగయ్యను పెరట్లోకి తీసుకెళ్ళి, వేరుసెనగ కాయలు ఆరబోసి ఉంటే వాటిని చేత్తో తిప్పమన్నాడు. లింగయ్య ఈ అంచు నుంచి ఆ అంచుకు తిప్పాడు. అయిపోయాక మళ్ళీ మొదటి అంచుకు వచ్చి మొదలుపెట్టాడు.

"బాగుంది. వడ్ల కళ్ళానికి సరిపోతాడు," అన్నాడు రాఘవయ్య. తన పద్ధతి నాకు చెప్పాడు. "మంచివాడండీ, పనిలో పెట్టుకోండి అని చెప్పి పంపిస్తే మూడో రోజుకి వెనక్కొస్తాడు. అందుకని నేనూ వెళతాను. వాడి పక్కన అదే పని చేస్తాను. తోటి కూలీలతో కలిసి అన్నం తింటాను. వారం పది రోజులకి వాడి పక్కన నేనున్నానో లేదో ఎవరూ పట్టించుకోరు. అప్పుడు వచ్చేస్తాను."

సర్కారు ఉపాధి ఆఫీసులో వీళ్ళ పేర్లు రాసుకోరా అని అడిగాను. "రాసుకోమనే అడిగానండీ. కళ్ళు లేవా, కాలు లేదా అన్నారు. అన్నీ ఉన్నాయన్నాను. అయితే ఇంకేం లోటయ్యా అన్నారు," అన్నాడు. ఈ పని ఎందుకు నెత్తికెత్తుకున్నారంటే, "నాకూ ఒక తమ్ముడుండేవాడు" అని, సంచిలో తువ్వాలు, చెంబు సర్దుకున్నాడు.

కోదాడ నుంచి మిర్యాలగూడకు హుజూర్‌నగర్ మీదుగా బస్సుంది. మేం మాత్రం రాఘవయ్యకు తెలిసిన వడ్ల లారీలో వెళ్ళాం. డ్రైవరు లింగయ్యను చూసి, "మిల్లెందుకు పంతులుగారూ, నాకు క్లీనరుగా ఇచ్చెయ్యండి. వెనక నిలబడి రానీ రానీ అంటే చాలు," అన్నాడు.

"రానీ అంటాడు. ఆపు అనడం మర్చిపోతే?" అన్నాడు రాఘవయ్య.

"అమ్మో, అయితే మిల్లుకే ఇవ్వండి."

లింగయ్య కూడా నవ్వాడు. ఆ రోజు అతను నవ్వింది రెండుసార్లు, ఇది మొదటిది.

పదకొండు దాటాక మిల్లు చేరాం. ఆ వీధిలో వరసగా మిల్లులే. ఉడకబెట్టిన వడ్ల వాసన వీధి మొదట్లోనే తగులుతుంది. మేం వెళ్ళిన మిల్లు వెనక సిమెంటు కళ్ళం మీద వడ్లు పలచగా పరిచి ఉన్నాయి. కూలీలు వరసలో నిలబడి, కాళ్ళు ఎత్తకుండా ఈడుస్తూ నడుస్తారు. పాదాల వెంట చాళ్ళు పడి కిందివి పైకి వస్తాయి. చివరిదాకా వెళ్ళి, పక్క చాలు పట్టుకుని వెనక్కి వస్తారు. రాఘవయ్య పంచె ఎగగట్టి లింగయ్య పక్కన నడవడం మొదలుపెట్టాడు.

"పంతులూ, పిలగాండ్లకు సదువు చెప్పుడు అయిపోయిందా? ఇగ వడ్లకు చెప్తున్నవా?" అని ఒక ఆడకూలీ అరిచింది.

"ఇవే నయమమ్మా, తిప్పితే తిరుగుతాయి," అన్నాడు రాఘవయ్య.

మధ్యాహ్నం దాటేసరికి లింగయ్య ఒక్కడే నడుస్తున్నాడు. చాలు వంకర పోలేదు. కళ్ళం మేస్త్రీ సత్తయ్య, "మంచిగనే చేస్తుండు," అన్నాడు. మిల్లు యజమాని వచ్చి చూసి, కూలీల పాకలో పడుకోనిస్తానని, అందరికిచ్చే కూలే ఇస్తానని రాఘవయ్యకు మాటిచ్చాడు. బయటివాళ్ళను కళ్ళంలోకి రానివ్వరు. పేపరు మనిషినని నన్ను రానిచ్చారు, సాలమ్మ గేటు దగ్గర కూర్చుంది. యజమాని ఇచ్చిన మాట నేనే వెళ్ళి ఆమెకు చెప్పాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "తాగనీకి నీళ్ళు యాడున్నయో వానికి సూపియ్యమను," అంది.

మూడు దాటాక పడమట మబ్బు పట్టింది. ఉడికిన వడ్లు తడిస్తే ముక్కిపోతాయి. అందుకని మేస్త్రీ ఈల వేయగానే కూలీలంతా పరిగెత్తి, చెక్క పలకలతో వడ్లు కుప్పలకు తోసి, టార్పాలిన్లు కప్పాలి. సత్తయ్య ఈల వేశాడు. రాఘవయ్య అప్పుడు పాకలో అన్నం తింటున్నాడు. కళ్ళం మీద అందరూ పరిగెత్తారు. నడి కళ్ళంలో లింగయ్య కూర్చున్నాడు. మోకాళ్ళ మధ్య తల, చెవుల మీద చేతులు.

"లెవ్వు! లెవ్వురా!" అని సత్తయ్య రెక్క పట్టి గుంజాడు. లింగయ్య ఇంకా గట్టిగా ముడుచుకున్నాడు. పలకలు తోసేవాళ్ళు అతన్ని చుట్టి పోవలసి వచ్చింది. ఇద్దరు గుద్దుకుని పడ్డారు. సాలమ్మ గేటు తోసుకుని వడ్ల మీద నుంచే ఉరికి వచ్చింది. వీపు మీద చెయ్యి పెట్టింది.

లింగయ్య తల ఎత్తి నవ్వాడు. "అక్కా, పేలిందా?" అన్నాడు.

"పేలింది, లెవ్వు," అంది.

నాలుగు చినుకులు పడి మబ్బు తేలిపోయింది. వడ్లకేమీ కాలేదు. రాఘవయ్యకు జరిగింది నేను చెప్పాను. ఆయన చెయ్యి కడుక్కోకుండానే యజమాని దగ్గరికి వెళ్ళాడు. యజమాని కాసేపు కసిరి, చివరకు, "నీ మొఖం సూసి పది రోజులు పంతులూ. నువ్వు పక్కనుంటేనే," అన్నాడు. ఈలకు బదులు ఇక్కడ గంట కొట్టవచ్చు కదా అని నేను అడిగాను. సత్తయ్య తల అడ్డంగా ఊపాడు. "మేం గంట కొట్టినా పక్క మిల్లుల ఈల ఏస్తరు. ఇటు ఇనబడదా?"

పది రోజులు దొరికాయని రాఘవయ్య గేటు దగ్గర సాలమ్మతో చెప్పాడు. "ఈల వినబడితే లేచి పరిగెత్తి పలక పట్టుకోవాలి. అంతేనమ్మా, నేర్పేస్తాను."

"నేర్సుకుంటడు. కూసునుడు నేర్సిండు, లేసుడు నేర్సుకోడా?" అంది. తరవాత గేటుదాకా వచ్చిన సత్తయ్య వైపు తిరిగింది. "అన్నా, వానలు మొదలైతే కళ్ళం పని ఉంటదా?"

"యాడుంటది? బంద్."

"అప్పుడు వీడు నా తానకే రావాలె. గాడ ఈల ఏస్తె లేసి ఉరుకుతడు."

"మళ్ళీ కూర్చోవడం నేర్పుదామమ్మా."

"గీడొకటి గాడొకటి అంటె వానికి సమజ్ కాదు పంతులూ. ఒక్కటే నిలుస్తది. ఉన్నదే ఉండనియ్యి."

రాఘవయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఆయన కోదాడ బస్సుకు, మేం సూర్యాపేట బస్సుకు నిలబడ్డాం. ఆయన బస్సు ముందు వచ్చింది.

మా బస్సు కదిలేటప్పుడు కండక్టరు ఈల వేశాడు. లింగయ్య కింద కూర్చున్నాడు. సాలమ్మ వెంటనే చెయ్యి పెట్టలేదు. కాసేపు అతన్ని చూస్తూ ఉండి, తరవాత పెట్టింది. రేపటినుంచి ఏం చేస్తావని అడిగాను. "తడికకు తాడు కడ్త. గుంజకు రొండు సుట్లు ఏస్త," అంది. పొద్దు వాలేవేళకు కాలువ దారి దగ్గర ఇద్దరూ దిగారు. ఆమె ముందు, అతను వెనక. దిగగానే అతను పాదాలు ఈడుస్తూ నడవడం చూశాను. మట్టిలో చాళ్ళు పడుతున్నాయి. "కాలెత్తి నడువురా," అని ఆమె అనడం వినబడింది.

ఈ ప్రయాణంలో చెడ్డవాళ్ళెవరూ తగల్లేదు. పని నేర్పే మనిషి ఉన్నాడు, పని ఉంది, యజమాని పది రోజులిచ్చాడు, లింగయ్య చేయగలిగాడు. వానాకాలంలో అతను ఎక్కడ ఉండాలన్నదానికి మాత్రం మా నలుగురిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఒక చోట ప్రాణం కాపాడిన నేర్పే ఇంకో చోట పని పోగొట్టింది. ఆ రెంటిలో ఏది ఉంచుకోవాలో తేల్చుకోవలసింది సాలమ్మ ఒక్కతే. ఆమె గేటు దగ్గర నిలబడే తేల్చుకుంది. అది తప్పని నేను అనలేను. ఆ తడిక తాడు ఎన్నాళ్ళు ఆగుతుందో కూడా చెప్పలేను.

మీవాళ్ళను పనిచోటికి తీసుకెళ్తే, అక్కడ ఈల, గంట, కూత ఏవేవి మోగుతాయో, మోగితే ఎవరేం చేయాలో ముందు అడగండి. పని మొదలుపెట్టకముందే ఒకసారి మోగించమనండి. మోగినప్పుడు మేస్త్రీ వైపు కాదు, మీ మనిషి వైపు చూడండి.