మా ఆయన వీపు కొట్టిన గోల్

మా ఆయన మొచిజుకి తెత్సురో పదకొండేళ్లు ఫుట్‌బాల్ ఆడాడు. డిఫెండరు. అన్నేళ్లలో ఆయన గోల్ కొట్టింది ఒక్కరోజే. కొట్టినవి రెండు. రెండూ మా జట్టు గోల్లోకే.

ఆ తర్వాత యాయిజు రేవులో మా మామగారి ఎండుచేపల కొట్టు చూసుకుంటూ, ఇరవయ్యారేళ్లు ఎవరి కంటా పడకుండా బతికాడు. మొన్న వసంతంలో ఎవరో మహానుభావుడు ఆ పాత వీడియోని ఫోన్లలోకి ఎక్కించాడు.

జోరున వాన. మా ఆయన కాలికి తగిలి బంతి మా గోల్లోకే పోయింది. వెంటనే కీపరు వైపు తిరిగి, క్షమించమని నడుం దాకా వంగాడు. వంగిన మనిషి లేస్తేగా! ఈలోగా ఆట మళ్లీ మొదలైంది. అవతలివాళ్లు బంతి లాక్కుని దూరం నుంచి తన్నారు. అది మా ఆయన వీపు మీద పడి, ఎగిరి, గోల్లోకి పోయింది. అరుపులు విని ఆయన తలెత్తాడు. వలలో బంతి చూసి, దానికీ మళ్లీ వంగాడు. వీడియోలో కీపరు కనబడడు. వానా, మా ఆయన పిరుదులూ తప్ప ఇంకేం కనబడవు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను కానీ, సిగ్గుతో గొడుగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

నలభై లక్షల మంది చూశారట. కొట్టు ముందు రోజూ వరస. చేప కొన్న ప్రతివాళ్లూ ఆయన పక్కన వంగి ఫొటో దిగాలి. ఈయన మర్యాదస్థుడు కదా, వాళ్లకంటే ఇంకాస్త కిందికి వంగుతాడు. సాయంత్రం నడుముకి నొప్పి పట్టీలు వేసేది నేను.

ఈ గొప్పంతా ఆయనకి అక్కర్లేదు. ఆనాటి కీపరు ఒయిషి గారు వచ్చి ఒక్క మాట మాట్లాడితే చాలు. మూడు వీధుల అవతలే ఇల్లు. ఆ ఆట తర్వాత మా గడప తొక్కలేదు. ఏటా కొత్త సంవత్సరం కార్డు మాత్రం అటూ ఇటూ నడుస్తూనే ఉంది. మాటలు మానేసినా పరవాలేదు గానీ, కార్డు మానేస్తే ఊళ్లో తలెత్తుకోలేం.

ఒకరోజు మా అమ్మాయి హోనోకా వాళ్ల నాన్నని లైవ్‌లో కూర్చోబెట్టింది.

"నాన్నా, రెండో గోల్ కీపరు ఎందుకు ఆపలేదని అడుగుతున్నారు."

"ఆయన తప్పేం లేదమ్మా. నేను అడ్డంగా వంగి ఉంటే పాపం ఆయనకి బంతెలా కనబడుతుంది?"

అని ఫోనుకి కూడా వంగాడు. నుదురు వెళ్లి ఫోనుకి కొట్టుకుంది. దానికి ఇంకో ఆరు లక్షల మంది.

మర్నాడు పొద్దున వరసలో ఒయిషి గారు! తన వంతు వచ్చేదాకా బుద్ధిగా నిలబడ్డారు. మా ఆయన చేతిలో చేప జారిపోయింది.

"నన్ను వెనకేసుకు రావడం ఇంక చాలించవోయ్ మొచిజుకీ," అన్నారు ఒయిషి గారు. "నువ్వంత కిందికి వంగితే నేను ఊరుకుంటానా? నేనూ వంగాను. బంతొచ్చేటప్పుడు నా కళ్లు నా బూట్ల మీదున్నాయి. నువ్వది చూసి కూడా ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని రాను?"

మా ఆయన నోరు తెరిచాడు. "చూశానా? నేనెలా చూస్తానండీ? నా తల కిందికే ఉందిగా! మీకు నా మీద కోపమనుకున్నా."

వరసలో ఎవరూ నవ్వలేదు. నాకు ఒళ్లు మండింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి. ఇద్దరూ మళ్లీ వంగబోతుంటే చెరో భుజం పట్టుకున్నాను.

"ఎవరు వంగినా ఊరుకోను. లోపలికి రండి. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటూ టీ తాగండి."