ఇంట్లో ఉంచకూడని కాగితం

నాకు చిత్తుకాగితాలు దాచే జబ్బు ఉంది. స్టాంపులూ నాణేలూ దాచేవాళ్ళకు కాస్తో కూస్తో గౌరవం ఉంటుంది, నాలాంటి వాళ్ళకు అదీ లేదు. ఇండియన్ స్టోర్ గోడ మీది ప్రకటనలు, గుళ్ళో పంచే కరపత్రాలు, ఉగాది కార్యక్రమాల పట్టికలు, దోసెపిండి డబ్బా మీది లేబుళ్ళు, మూతపడిన హోటళ్ళ మెనూలు, పెళ్ళి శుభలేఖలు, ఏదైనా సరే ఎవరో పారేసేలోపు అడిగి తెచ్చుకుంటాను. అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో ఉన్న మా ఇంటి గరాజ్‌లో ఒక కారుకే చోటు మిగిలింది. రెండో కారు చోటంతా నా అట్టపెట్టెలు ఆక్రమించాయి. చలికాలం పొద్దున్నే బయట కారు అద్దం మీది మంచు గీకుతూ మా ఆయన, "మహారాణిగారి కాగితాలు లోపల వెచ్చగా ఉన్నాయా?" అని అడిగేవారు.

వాటిలో ఏముందంటే, మేమే ఉన్నాం. అన్నిటికన్నా పాత పెట్టె నిండా శాకాహారి రూమ్మేట్ కావాలనే చీటీలు. ఫోన్ నంబర్లు చించుకోవడానికి వీలుగా అడుగున తోకలు కత్తిరించి ఉంటాయి. ఆ తర్వాతి పెట్టెలో వాడిన సోఫాలు, పసిపిల్లల్ని చూసుకునే ఆంటీలు. దాని తర్వాత కూచిపూడి క్లాసులు, లెక్కల ట్యూషన్లు. ఈమధ్యవన్నీ మోకాళ్ళ నొప్పులకు యోగా, రిటైరైన వాళ్ళకు కాలక్షేపం. మా తరం కథ ఎవరూ రాయకుండానే అలా వరసలో పడింది. నాకు మాత్రం కాగితం వెనకవైపే ఎక్కువ ఇష్టం. అన్నదానం కరపత్రం వెనక ఎవరో 'కొత్తిమీర, పెరుగు, లాయర్‌కి ఫోన్' అని రాసుకుంటారు. అచ్చువేసింది అందరికోసమైనా, నలిగింది ఒకరి చేతిలోనే కదా.

ఇన్నేళ్ళు దాచాక కూడా, మా ఆయన పోయేదాకా నేనొక సంగతి గమనించలేదు. ఆ పెట్టెల్లో పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు అన్నీ ఉన్నాయి గానీ చావు కాగితం ఒక్కటీ లేదు.

ఎలా ఉంటుంది? చావు కబురు మోసుకొచ్చిన ఉత్తరాన్ని గుమ్మం బయటే చదివి, అక్కడే చించి పారేసే ఇళ్ళలో పుట్టి పెరిగాం మేం. పెద్దకర్మ కార్డుదీ అదే గతి. దాన్ని ఇంట్లో ఉంచకూడదు. ఎందుకని ఎవరూ అడగరు.

మా ఆయన ఆఫీస్‌లో, మధ్యాహ్నం మీటింగ్ మధ్యలో, కుర్చీలోనే పోయారు. అంత్యక్రియలు జరిపించే ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు ఇక్కడి పద్ధతిలో మడత కార్డులు అచ్చువేసి వచ్చినవాళ్ళందరికీ ఇచ్చారు. పైన ఆయన ఫోటో, లోపల పుట్టిన తేదీ, పోయిన తేదీ, మా అమ్మాయి రాసిన నాలుగు మాటలు. మా స్నేహితుల్లో అందరికన్నా పెద్దావిడ ఒకామె తలుపు దగ్గర నిలబడి, వెళ్ళేవాళ్ళతో మెల్లగా చెబుతోంది. "ఇవి ఇళ్ళకి తీసుకెళ్ళకండమ్మా, ఇక్కడే పెట్టేయండి." ఆమె పక్కన ఒక అట్టపెట్టె ఉంది. దాదాపు అందరూ బుద్ధిగా అందులో వేసి వెళ్ళారు. నేను చూస్తూనే ఉన్నాను. ఆ పెట్టె ఎటు పోతుందో ఆలోచించే స్థితిలో లేను.

ఆలోచన వచ్చేసరికి నెలలు గడిచాయి. ఊళ్ళో వాళ్ళ కూరగాయల చీటీలు సైతం దాచినదాన్ని, ఆయన చివరి కాగితం నా దగ్గర లేదు. ఆ కార్డు ఒక్కటైనా కావాలని మనసు పీకింది. అన్నం తింటున్నా అదే గుర్తొచ్చేది. ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను.

"మేం అక్కడే పెట్టేశాం అక్కా. తప్పుగా అనుకోకు" అంది ఒకామె.

"మావారు కార్‌లోనే ఉంచారు వదినా. తర్వాత కార్ వాష్‌కి వెళ్ళినప్పుడు క్లీన్ చేయించేశారు" అంది ఇంకొకామె. ఆ గొంతులో సిగ్గు విని నేనే ఏదో సర్దిచెప్పి పెట్టేశాను. పెట్టేశాక కోపం ఆగలేదు. పదిమందికీ ప్రేమగా వడ్డించిన మనిషిని కార్ వాష్ చెత్తబుట్టలో వేశారు.

ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు మర్యాదగా, ఫైల్ ఉంది, మళ్ళీ ప్రింట్ చేసి పంపుతాం అన్నారు. వద్దన్నాను. కొత్తగా అచ్చయి వచ్చేదాన్ని ఏం చేసుకోను? ఆ రోజు ఆ గదిలో ఆయన కోసం వచ్చిన ఎవరో ఒకరి చేతిలో నలిగింది కావాలి నాకు.

ఎదురింటి తెల్లావిడ కూడా ఆ రోజు వచ్చి ఆఖరి వరసలో ఒంటరిగా కూర్చుంది. ఆమె మంచు తోయలేకపోతే మా ఆయన వెళ్ళి తోసి వచ్చేవారు. అయినా ఆమెను అడగాలని నాకు తట్టనేలేదు. మనవాళ్ళను అడిగితే చాలనుకున్నాను.

ఈ వసంతంలో ఆవిడ కూడా పోయింది. పిల్లలు ఇల్లంతా తెరిచి ఎస్టేట్ సేల్ పెట్టారు. అంటే మంచాల నుంచి గరిటెల దాకా ఇంట్లో ప్రతిదానికీ ధర చీటీ అంటించి, ఎవరైనా వచ్చి కొనుక్కోవచ్చంటారు. నాలాంటి వాళ్ళకు కాగితాలు దొరికేది ఇలాంటి చోటే. కాళ్ళు అలవాటుగా అటు నడిచాయి.

వంటింటి బల్ల మీద రబ్బరుబ్యాండు వేసిన కట్ట ఒకటి ఉంది. అన్నీ చావు కార్డులే. ఆమె భర్తది, చెల్లెలిది, చర్చిలో కలిసి పాడినవాళ్ళవి. నాలుగైదు తిప్పాక మా ఆయన నవ్వుతూ కనిపించారు.

 కార్డును వెలుతురులోకి తిప్పి చూశాను. నాలుగు మూలలా టేపు మరకలు, ఒక పక్క నూనె చుక్క, రెండో పక్కంతా ఎండకు వెలిసిపోయింది. కాగితాలు చూసి చూసి నాకు అబ్బిన విద్య ఇలా మరకలు చదవడమొక్కటే. ఇది పొయ్యి దగ్గర, కిటికీ పక్కన, చాలాకాలం గోడ మీద ఉంది. ఆ కిటికీలోంచి చూస్తే మా గుమ్మమే కనిపిస్తుంది.

అమ్మకం చూసుకుంటున్న అమ్మాయి కట్టను చూసి, "వీళ్ళంతా ఆవిడ సొంతవాళ్ళేమో" అంది ఇంగ్లీషులో. అవునన్నాను. కట్టంతా కొన్నాను.

ఆయన కార్డు ఒక్కటీ బయటికి తీసి, రెండు చేతులతో పట్టుకుని రోడ్డు దాటాను. గరాజ్‌లోంచి ఇంట్లోకి వెళ్ళే తలుపు ముందు ఆగాను. గొళ్ళెం మీదికి చెయ్యి వెళ్ళలేదు. లోపల డైనింగ్ టేబుల్ మీద మా అమ్మాయి శుభలేఖలు ఉన్నాయి. హైదరాబాద్ నుంచి ముందురోజే దిగాయి. పొద్దున వాటి మూలలకు పసుపు రాస్తూ సగంలో వదిలి వచ్చాను.

నేను ఇవేవీ నమ్మేదాన్ని కాదు. ఆ పెద్దావిడను ఎన్నిసార్లు మనసులో తిట్టుకున్నానో లెక్కలేదు. అయినా అక్కడ నిలబడితే భయమేసింది. పిల్ల పెళ్ళి, ఏమన్నా అయితే?

అలికిడి విని అమ్మాయే తలుపు తీసింది.

"అమ్మా, వాట్స్ దట్? ఓ... నాన్న కార్డా? నీకు ఎక్కడ దొరికింది?" కళ్ళు నిండిపోయాయి దానికి. "ఇలా ఇవ్వు, ఫ్రిజ్ మీద పెడదాం."

"లోపలికి వద్దు" అన్నాను.

"వై?"

"పెళ్ళి అయ్యేదాకా వద్దమ్మా."

అది నన్ను అర్థంకానట్టు చూసింది. "ఇట్స్ నాన్న, అమ్మా" అంది, అంతే.

కార్డు నా చేతిలోంచి మెల్లగా తీసుకుని, నా పక్కనుంచి గరాజ్‌లోకి దిగి, కారు తలుపు తెరిచి ఆయన కూర్చునే సీట్లో కూర్చుంది. ఒళ్ళో పెట్టుకుని చదువుకుంది. కాసేపటికి గరాజ్ లైటు దానంతటదే ఆరిపోయింది. వెలిగించడానికి కూడా నేను కదల్లేదు. ఆయన్ని ఎదురింటావిడ తన వంటింట్లో ఉంచుకుంది. నా ఇంటి గుమ్మంలో ఆయనకు అడ్డంగా నేను నిలబడి ఉన్నాను.